పాదం సరైపోయాక కూడా ఆ బూట్లు ఎందుకు?

వంకర పాదంతో (క్లబ్ ఫుట్) బిడ్డ పుట్టగానే ఇంట్లో అందరి నోటా వచ్చే మొదటి మాట ‘ఆపరేషన్ చేయించాలా?’ అని. ఇప్పటి వైద్యంలో ఆ ప్రశ్న దాదాపు తేలిపోయినట్టే. వారం వారం మార్చే సిమెంటు కట్లు ఐదారు, ఆఖర్న మడమ వెనక ఒక చిన్న గాటు. చాలామంది పిల్లల పాదాలు ఇంతతోనే రెండు మూడు నెలల్లో తిన్నగా వచ్చేస్తాయి. చిక్కంతా ఆ తర్వాతే. పాదం చూడ్డానికి మామూలుగా ఉంటుంది, బిడ్డ హాయిగా ఆడుకుంటూ ఉంటుంది, అయినా నాలుగేళ్లు నిండేదాకా రోజూ రాత్రి కాళ్లకు రాడ్డు బిగించిన బూట్లు తొడగాలి. గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డకు ఈ పూట వేయాలా, వదిలేయాలా అన్నది నిద్రమత్తులో ఉన్న తల్లి తేల్చుకోవాల్సిన విషయం. ఆ సమయానికి పక్కన ఏ డాక్టరూ ఉండడు. క్లబ్ ఫుట్ చికిత్స నిలబడేదీ, చెడిపోయేదీ ఎక్కువగా అక్కడే.

ముందు లోపం ఏమిటో చూద్దాం. క్లబ్ ఫుట్ ఉన్న కాలికి మడమ పైకి లాక్కుపోయి ఉంటుంది. పాదం ముందు భాగం లోపలికి తిరిగి ఉంటుంది. అరికాలు నేలకేసి కాకుండా రెండో కాలి వైపు చూస్తుంటుంది. ఎముక విరగడం వల్ల వచ్చింది కాదిది. మడమ వెనకా, పాదం లోపలి వైపూ ఉన్న కండరాలు, బంధాలు పొట్టిగా బిగుసుకుపోయి, ఇంకా మెత్తగా ఉన్న చిన్న చిన్న ఎముకలను తమవైపు లాగేస్తాయి. ప్రపంచవ్యాప్తంగా వెయ్యి కాన్పులకు ఒకరిద్దరు పిల్లలు ఇలా పుడతారు. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో రెట్టింపు. సుమారు సగం మందికి రెండు కాళ్లూ అలాగే ఉంటాయి. తెలుగు రాష్ట్రాలు రెండింటిలో ఏటా పది లక్షలకు పైగా కాన్పులు జరుగుతాయి కాబట్టి, ఈ లోపంతో పుట్టే పిల్లలు తక్కువలో తక్కువ వెయ్యి మంది ఉంటారు. అరుదైన జబ్బేమీ కాదు. అయినా తమ ఇంట్లో పుట్టేదాకా దాని పేరు విన్నవాళ్లు తక్కువ.

పేరు వినకపోయినా కారణం చెప్పేవాళ్లకు మాత్రం కొదవ ఉండదు. గ్రహణం రోజు బయటికి వచ్చిందనో, ఆ పూట కత్తిపీట ముట్టుకుందనో, కడుపుతో ఉండి కాళ్లు ముడుచుకుని కూర్చుందనో నెపం తల్లి మీదకు వస్తుంది. గ్రహణాన్ని అసలు పట్టించుకోని దేశాల్లోనూ ఇదే లెక్కన పిల్లలు పుడుతున్నారన్న ఒక్క మాట ఆ చర్చకు చాలు. ఇదీ కారణం అని వైద్యశాస్త్రం ఒక్కదాన్ని తేల్చలేదు. జన్యువుల పాత్ర కొంత ఉంది. గర్భిణి పొగతాగడం లాంటివి ప్రమాదాన్ని కొంత పెంచుతాయి. తల్లి చేసిన పనుల చిట్టా తవ్వినందువల్ల చికిత్సకు ఒరిగేదేమీ లేదు. పైగా బాలింత ఆ నింద మోస్తున్నప్పుడు ఆస్పత్రికి వెళ్దామని గట్టిగా అడిగే ధైర్యం ఆమెకు తగ్గిపోతుంది.

ఇంకో మాట కూడా ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. ‘మా వాడికీ ఇలాగే ఉండేది, రోజూ నూనె రాసి సాగదీస్తే నెలల్లో పోయింది’ అని. చెప్పేవాళ్లు అబద్ధమాడటం లేదు. గర్భంలో ఇరుకుగా పడుకున్నందువల్ల కొందరు పిల్లల పాదాలు వంగి ఉంటాయి. చేత్తో నెమ్మదిగా తిప్పితే మామూలు స్థితికి వచ్చేస్తాయి. వాటికి నూనె రాసినా రాయకపోయినా సర్దుకుంటాయి. అసలైన క్లబ్ ఫుట్ అలా తిరగదు. ఎంత తిప్పినా బిగుసుకునే ఉంటుంది, మడమ కిందికి దిగదు. ఈ రెండింటికీ తేడా తెలిసిన డాక్టరు ఒక్కసారి చేత్తో పట్టుకుని చూస్తే చెప్పేస్తారు. ఎక్స్‌రే కూడా చాలావరకు అక్కర్లేదు. ఆ ఒక్క పరీక్ష చేయించకుండా మర్దనల మీద నెలలు గడిపేయడమే అసలు నష్టం.

టిఫా స్కాన్‌లో కనిపిస్తే

ఇప్పుడు చాలామందికి ఈ సంగతి కాన్పుకు ముందే తెలుస్తోంది. అయిదో నెలలో బిడ్డ అవయవాల్లో లోపాలు చూసే టిఫా స్కాన్‌లో పాదం లోపలికి తిరిగి ఉందని రిపోర్టు వస్తుంది. ఆ రోజు నుంచి ఇంట్లో టెన్షన్ మొదలు. స్కాన్ రిపోర్టు చేతికిచ్చేవాళ్లకు ఎక్కువ మాట్లాడే తీరిక ఉండదు. మిగతాదంతా ఫోన్‌లో వెతుక్కోవడమే.

ఇక్కడ తెలుసుకోవాల్సింది ప్రధానంగా ఒక్కటే. పాదం ఒక్కటే వంకరగా ఉందా, దాంతోపాటు ఇంకేమైనా ఉందా? వెన్నుపాములో లోపం, కీళ్లన్నీ బిగుసుకుపోయే ఆర్థ్రోగ్రైపోసిస్, క్రోమోజోముల తేడాలు, వీటితో కలిసి వచ్చిన క్లబ్ ఫుట్ వేరు. అందుకే పాదం దగ్గర తేడా కనిపించగానే వెన్నెముక, గుండె, చేతులు మరోసారి జాగ్రత్తగా చూస్తారు. అవసరమనుకుంటే జన్యు పరీక్ష గురించి మాట్లాడతారు. మిగతాదంతా బాగుండి పాదం ఒక్కటే వంకరగా ఉంటే, అది పుట్టాక సరిచేయగలిగిన లోపం. గర్భంలో ఉండగా చేసేదేమీ లేదు. కాన్పు తీరు మార్చాల్సిన పనీ లేదు, దీనికోసమని సిజేరియన్ అక్కర్లేదు. స్కాన్‌లో వంకరగా కనిపించి, పుట్టాక మామూలుగా ఉన్న పిల్లలూ ఉన్నారు. పాదం ఆ సమయంలో పడుకున్న తీరును బట్టి స్కాన్ పొరబడుతుంది.

గర్భం ఉంచుకోవాలా వద్దా అన్న ఆలోచన కూడా కొన్ని ఇళ్లలో వస్తుంది. పైకి అనరు గానీ వస్తుంది. 2021లో సవరించిన గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం 24 వారాలు దాటాక మెడికల్ బోర్డు తీవ్రమైన లోపమని నిర్ధారిస్తేనే అనుమతి ఉంటుంది. అంతకంటే ముందు గడువులో ఉన్నవాళ్లు మాత్రం భయంలో తొందరపడే అవకాశం ఉంది. అలాంటప్పుడు స్కాన్ చేసినవాళ్లు, కాన్పు డాక్టరు చెప్పింది సరిపోదు. క్లబ్ ఫుట్ పిల్లలను రోజూ చూసే ఎముకల డాక్టరుతో ఒక అరగంట మాట్లాడితే, చికిత్స పూర్తయిన పిల్లల నడక ఒకసారి కళ్లారా చూస్తే, ఆ భయం ఎంతో తెలుస్తుంది. 1992 ఒలింపిక్స్‌లో ఫిగర్ స్కేటింగ్ స్వర్ణం గెలిచిన అమెరికన్ క్రిస్టీ యమగూచీ క్లబ్ ఫుట్‌తోనే పుట్టింది.

కట్టు ఎందుకు గెలిచింది

పెద్ద ఆపరేషన్ వద్దని ఇప్పుడింత ధీమాగా చెప్పడం వెనక ఒక చిత్రమైన చరిత్ర ఉంది. స్పెయిన్‌లోని మినోర్కా దీవిలో 1914లో పుట్టిన ఇగ్నాసియో పాన్సెటీ అక్కడి అంతర్యుద్ధంలో గాయపడినవాళ్లకు వైద్యం చేసి, మెక్సికో మీదుగా అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చేరాడు. అక్కడ ఆపరేషన్ చేసిన క్లబ్ ఫుట్ పాదాలను తిరిగి పరీక్షిస్తే అవి బిర్రబిగిసి, నొప్పి పెడుతూ కనిపించాయి. కట్లు అప్పటికే వాడుకలో ఉన్నాయి. అట్లాంటాలో కైట్ అనే డాక్టరు వాటితోనే వైద్యం చేసేవాడు కానీ, పాదం బయటి వైపు మధ్యలో బొటనవేలితో నొక్కిపట్టడం వల్ల లోపల మడమ ఎముక కదలకుండా ఆగిపోయేది. కట్లు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగేవి. పాన్సెటీ చేసిన పెద్ద మార్పు ఆ బొటనవేలిని చీలమండ దగ్గరి ఎముక మీదకు జరపడం. దాన్ని ఆనుగా పట్టుకుని పాదమంతా బయటికి తిప్పితే కింది ఎముకలన్నీ కలిసి తిరుగుతాయి. చేతి కింద కొద్దిపాటి తేడా. ఫలితం మొత్తం మారిపోయింది.

1963లో తన పద్ధతిని ప్రచురిస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1970లలో టర్కో అనే సర్జన్ చెప్పిన పెద్ద ఆపరేషన్ లోకమంతా పాకింది. మడమ వెనకా పాదం లోపలా బిగుసుకున్నవన్నీ కోసి వదులుచేసే ఆపరేషన్ అది. పాదం వెంటనే తిన్నగా కనిపించేది. ఇరవై ముప్పై ఏళ్లు గడిచాక ఆ పిల్లలు పెద్దవాళ్లయి, బిగుసుకుపోయిన నొప్పి పాదాలతో మళ్లీ ఆస్పత్రులకు వచ్చారు. అదే సమయంలో, 1995లో, అయోవాలో పాన్సెటీ కట్లతో బాగుచేసిన 45 మందిని సగటున 34 ఏళ్ల వయసులో పరీక్షించిన ఫలితాలు వచ్చాయి. వాళ్లలో 78 శాతం మంది పాదాలు బాగున్నాయి. పుట్టుకతో ఏ లోపమూ లేనివాళ్లను ఇదే కొలతతో చూస్తే 85 శాతం. ఇంటర్నెట్ అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో అమెరికాలోని తల్లిదండ్రులు ఈ సంగతి ఒకరికొకరు చెప్పుకుని, ఆపరేషన్ తేదీలు రద్దు చేసుకుని మరీ అయోవాకు ప్రయాణమయ్యారు. వైద్యులను వైద్యులు ఒప్పించలేని చోట కుటుంబాలు ఒప్పించిన సందర్భం వైద్య చరిత్రలో తరచుగా కనిపించదు. పాన్సెటీ 2009లో, 95 ఏళ్ల వయసులో చనిపోయేదాకా పిల్లలను చూస్తూనే ఉన్నాడు. ఆయన పుట్టిన జూన్ 3నే ప్రపంచ క్లబ్ ఫుట్ దినంగా జరుపుతున్నారు.

ఎక్కడ, ఎప్పుడు మొదలుపెట్టాలి

పుట్టిన వారం పది రోజుల్లో మొదలుపెడితే మంచిదంటారు. మన ఇళ్లలో ఆ సమయం పురుడు, బారసాలల మధ్య పడుతుంది. తొడ దాకా తెల్లటి కట్లతో ఉన్న బిడ్డను ఉయ్యాలలో వేయడం ఇష్టం లేక, బంధువుల ప్రశ్నలు పడలేక, 21వ రోజు దాటాకే చూద్దామనుకుంటారు. వైద్యపరంగా ఆ రెండు వారాల ఆలస్యం వల్ల కొంప మునగదు. కామెర్లు, తక్కువ బరువు ఉన్న పిల్లలకు డాక్టర్లే ఆగమంటారు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఒకసారి వాయిదా వేయడం మొదలయ్యాక అది మూడో నెలకు, అన్నప్రాసనకు, ‘నడక వస్తే తెలుస్తుందిలే’ అన్నదాకా జరుగుతూ పోతుంది.

ఎక్కడ చేయించాలన్నది ఇంకా పెద్ద విషయం. మొదటి కాన్పు పుట్టింట్లో జరిగే ఆనవాయితీ ఉన్నచోట, ఆరేడు వారాల పాటు ప్రతి వారం తిరగాల్సింది అమ్మమ్మ గారి ఊరి నుంచి. కాబట్టి అత్తింటివాళ్లకు తెలిసిన పెద్దాస్పత్రి కంటే, పుట్టింటికి బస్సులో పొద్దున వెళ్లి సాయంత్రానికి రాగలిగిన చోటే నయం. ఒక వారం తప్పితే కట్టు వదులై జారుతుంది, అంతకుముందు వచ్చిన మార్పు కొంత వెనక్కి పోతుంది. కట్టు సరుకు ఖర్చు పెద్దదేమీ కాదు. ఛార్జీలు, పోయిన కూలి, తోడు వచ్చేవాళ్ల సెలవు, ఇవే కుటుంబాన్ని లాగేస్తాయి. ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు ఆస్పత్రి బిల్లు ఒక్కటే చూసి దూరం ఊరికి వెళ్లినవాళ్లు మధ్యలో మానేయడం అందుకే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వం చూడాల్సిన పుట్టుకతో వచ్చే లోపాల జాబితాలో క్లబ్ ఫుట్ ఉంది. ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో చెప్తే జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి (పిల్లల్లో లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేయించే కేంద్రం) పంపిస్తారు. క్యూర్ ఇండియాగా మొదలై ఇప్పుడు అనుష్కా ఫౌండేషన్ పేరుతో ఉన్న సంస్థ దేశంలో ప్రభుత్వ ఆస్పత్రులతో కలిసి క్లబ్ ఫుట్ క్లినిక్‌లు నడుపుతూ, బూట్లు ఉచితంగా ఇస్తోంది. ఇలా వారంలో ఒక రోజు ప్రత్యేకంగా పెట్టి చూసే చోటికి వెళ్తే కట్టు కట్టే చేతికి అలవాటు ఉంటుంది. అదే ఎదురుచూపుల బల్ల మీద, అప్పటికే బూట్ల దశకు వచ్చిన పిల్లలూ వాళ్ల తల్లులూ కనిపిస్తారు. డాక్టరు పావుగంటలో చెప్పలేనివి వాళ్లు చెప్తారు.

ప్రైవేటులో చూపించుకునేవాళ్లు ఎంచుకునేటప్పుడు డాక్టరు డిగ్రీల కంటే ఆయన కట్టే కట్టు చూడటం మేలు. పాన్సెటీ కట్టు తొడ దాకా ఉంటుంది, మోకాలు మడిచి కడతారు. మోకాలి కిందికే ఆగిపోయే కట్టు పాదాన్ని పట్టి ఉంచలేదు. వారం వారం పాదం ఎంత మారిందో అంకెల్లో రాసుకుంటారు. కెనడా డాక్టరు షఫీక్ పిరానీ పేరుతో ఉన్న ఆ స్కోరు సున్నా నుంచి ఆరు దాకా ఉంటుంది, తగ్గుతూ రావాలి. మామూలు క్లబ్ ఫుట్‌కు ఐదు నుంచి ఏడు కట్లు సరిపోతాయి. తొమ్మిదో పదో దాటినా స్కోరు కదలకపోతే, కట్టే తీరులో ఏదో తేడా ఉందని అనుమానించి వేరే చోట చూపించుకోవడంలో తప్పేమీ లేదు. ఏడాది తర్వాత ఆపరేషన్ చేద్దాం, అప్పటిదాకా ఏమీ అక్కర్లేదు అని ఎవరైనా చెబితే మాత్రం ఆ రోజే రెండో అభిప్రాయం తీసుకోవాలి.

కట్టు ఉన్నన్నాళ్లూ ఇంట్లో రెండు విషయాల మీద కన్నుండాలి. కాలివేళ్లు ఎర్రగా, వెచ్చగా కనిపిస్తుండాలి. నీలం తిరిగినా, ఉబ్బినా, బిడ్డ ఆగకుండా ఏడుస్తున్నా వెంటనే ఆస్పత్రికి పోవాలి. వేళ్లు కట్టు లోపలికి వెళ్లిపోయి కనిపించడం మానేశాయంటే కట్టు జారిందని అర్థం. జారిన కట్టు చెడు చేస్తుంది, వారం నిండేదాకా ఆగకూడదు. కాళ్ల మీద పడుకోబెట్టి పోసే స్నానం, నలుగు ఆ రెండు నెలలూ ఉండవు. తడిగుడ్డతో తుడవడమే. అమ్మమ్మలకు ఇది చాలా కష్టంగా ఉంటుంది, నిజం చెప్పాలంటే బిడ్డ కంటే వాళ్లకే ఎక్కువ. కొందరు ముందురోజు రాత్రే కట్టు నానబెట్టి విప్పేసి, బిడ్డకు తలంటి పోసి, తెల్లారి ఆస్పత్రికి తీసుకెళ్తారు. ఆ కొద్ది గంటల్లోనే పాదం కొంత వెనక్కి తిరుగుతుంది కాబట్టి, విప్పడం ఆస్పత్రిలోనే, కొత్త కట్టుకు ముందే జరగాలి.

పాదం బయటికి పూర్తిగా తిరిగాక మడమ ఒక్కటే పైకి ఉండిపోతుంది. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి అప్పుడు మడమ వెనకాల ఉండే గట్టి తాడులాంటి బంధాన్ని సన్నటి బ్లేడుతో తెంపుతారు. కుట్లు కూడా పడవు. చాలాచోట్ల ఆ చోటు వరకే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి కొద్ది నిమిషాల్లో ముగించేస్తారు. ‘నరం కోసేస్తారట’ అని విన్న ఇంటిల్లిపాదీ ఇక్కడ బెంబేలెత్తుతారు. తెంపింది మూడు వారాల్లో, ఆఖరి కట్టు లోపలే, కావలసిన పొడవుకు మళ్లీ అతుక్కుంటుంది. దీన్ని తప్పించుకోవాలని కట్లు ఇంకో నాలుగు వేయించుకుంటే మడమ దిగకపోగా, పాదం మధ్యలో విరిచినట్టు వంగి, అడుగు భాగం ఉబ్బెత్తుగా తయారయ్యే ప్రమాదం ఉంది. మొత్తం చికిత్సలో భయం ఎక్కువ, నొప్పి తక్కువ ఉండే ఘట్టం ఇది.

బూట్ల నాలుగేళ్లు

ఆఖరి కట్టు విప్పిన రోజే బూట్లు తొడగాలి. రెండు బూట్లను ఒక రాడ్డు కలుపుతుంది. రాడ్డు బిడ్డ భుజాల వెడల్పు ఉంటుంది. బాగుచేసిన పాదం బయటికి 60-70 డిగ్రీలు, లోపం లేని పాదం 30-40 డిగ్రీలు తిరిగి ఉండేలా బిగిస్తారు. లోపం ఒక కాలికే ఉన్నా బూట్లు రెండింటికీ ఉండాల్సిందే, రాడ్డు పని రెండు కాళ్లూ కలిస్తేనే జరుగుతుంది. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆ మిగిలిన గంట స్నానానికి. తర్వాత రాత్రి నిద్రలోనూ పగటి కునుకులోనూ కలిపి 12 నుంచి 14 గంటలు, నాలుగేళ్లు వచ్చేదాకా. బిడ్డ నడక ఆలస్యం కాదా అని అడుగుతారు. మెలకువగా ఉన్నప్పుడు కాళ్లు ఖాళీగానే ఉంటాయి కాబట్టి చాలామంది మామూలు వయసులోనే నడుస్తారు, కొందరు నెల రెండు నెలలు అటూ ఇటూ.

ఎందుకిదంతా? పాదాన్ని లోపలికి లాగిన కండరాల స్వభావం కట్లతో మారదు. బిడ్డ వేగంగా పెరిగే మొదటి నాలుగైదేళ్లూ అవి లాగుతూనే ఉంటాయి. 2004లో అయోవా నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో 157 మంది పిల్లల 256 పాదాలను పరిశీలిస్తే, 98 శాతం కట్లతో సరయ్యాయి. తిరగబెట్టిన పిల్లల విషయంలో మొదట్లో వంకర ఎంతుంది, ఏ వయసులో మొదలుపెట్టారు అన్నవి లెక్కకు రాలేదు. బూట్లు వేశారా లేదా అన్నదే తేల్చింది. అదే ఏడాది అమెరికాలోనే వచ్చిన మరో అధ్యయనం, బూట్లు మానేయడంతోపాటు తల్లిదండ్రుల చదువు హైస్కూలు దాటకపోవడం కూడా తిరగబెట్టడానికి కారణాల్లో ఒకటని చెప్పింది. ఇది చదివి చదువులేని తల్లులను తప్పుపట్టేవాళ్లుంటారు. దాన్ని ఇంకోలా చదవడం న్యాయం. రద్దీ ఓపీలో రెండు ముక్కల్లో చెప్పింది అర్థం కాని తల్లికి తప్పు ఆమెది కాదు, అంత హడావిడిగా చెప్పినవాళ్లది.

మన ఇళ్లలో దీనికి తోడయ్యే చిక్కు ఒకటుంది. చికిత్స పుస్తకాల్లో అది కనిపించదు. రెండో వారంలో కట్లు మొదలైతే బూట్లు మూడో నెలకు వస్తాయి. 23 గంటల దశ ఆరో నెల దాకా నడుస్తుంది. సరిగ్గా ఆ మధ్యలోనే, మూడో నెలలోనో అయిదో నెలలోనో, తల్లీబిడ్డలు అత్తింటికి వస్తారు. కట్లు చూసింది, డాక్టరు మాట విన్నది, మొదటి పాదం ఎలా ఉండేదో కళ్లారా చూసింది అమ్మమ్మ. బూట్లు చూసేది నాయనమ్మ. ఆమె చేతికొచ్చేటప్పటికి పాదం చక్కగా ఉంటుంది. చక్కగా ఉన్న కాళ్లకు సంకెళ్లలాంటివి వేసి ఏడిపిస్తున్న కోడలు కనిపిస్తుంది. ‘పసిపిల్లను అలా కట్టిపడేస్తారా’ అని రాడ్డు విప్పే ఆ చెయ్యి ప్రేమతోనే విప్పుతుంది. ఆ ఇంట్లో గట్టిగా కాదనే చోటు కోడలికి ఉండదు.

అందుకే బూట్లు తొడిగే రోజున ఆస్పత్రికి ఎవరు వెళ్లాలన్నది చిన్న విషయం కాదు. తండ్రి, నాయనమ్మ, రేపు బిడ్డను ఎవరు పడుకోబెడతారో వాళ్లు వెళ్లాలి. మొదటి రోజు తీసిన పాదం ఫొటో ఫోన్‌లో ఉంచుకుని చూపించడం వంద మాటల పెట్టు. తండ్రి బెంగళూరులోనో దుబాయ్‌లోనో ఉంటే వీడియో కాల్‌లోనైనా డాక్టరు మాట వినాలి. బూట్లు వేయడం ఇంటి పద్ధతి అని ఆయన నోటితో చెప్తే ఇంట్లో పడే బరువు వేరు. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకూ ఇదే తంతు. కాన్పుకు వచ్చిన అమ్మమ్మ వెళ్లిపోయి నాయనమ్మ దిగేటప్పటికి, లేదా బిడ్డను తీసుకుని ఇండియాకు నెల రోజులు వచ్చేటప్పటికి, రాడ్డు సూట్‌కేసులోకి పోతుంది.

ఇక తొడిగే పద్ధతి. మొదటి రెండు మూడు రాత్రులు బిడ్డ ఏడుస్తుంది, నొప్పితో కాదు, కాళ్లు విడివిడిగా కొట్టుకోలేక. రెండు కాళ్లూ పట్టుకుని కలిపి పైకీ కిందికీ ఆడిస్తూ ఆటలా నేర్పిస్తే కలిపి తన్నడం వచ్చేస్తుంది, ఏడుపు తగ్గుతుంది. ముందు ఎక్కువ బిగుసుకున్న పాదానికి బూటు వేయాలి. మడమ అడుగుకు పూర్తిగా దిగిందో లేదో చూసి మధ్య పట్టీ బిగించాలి. మడమ మీద ఎర్రటి మచ్చ, బొబ్బ వస్తే చాలామంది పట్టీ వదులు చేసి కొబ్బరి నూనె రాస్తారు. రెండూ ఎదురుతిరిగే పనులే. వదులైన బూటులో మడమ జారి రుద్దుకోవడం వల్లే బొబ్బ వస్తుంది, నూనె దాన్ని మరింత మెత్తబరుస్తుంది. పట్టీ ఇంకాస్త బిగించి, పొడి నూలు మేజోడు వేసి, క్లినిక్‌కు ఫోన్ చేయాలి. మే నెల ఎండల్లో చెమట పట్టి దురద పెడుతుంది కాబట్టి మేజోళ్లు మార్చడం, ఫ్యాన్ గాలి తగిలేలా పడుకోబెట్టడం చూసుకోవాలి. చీర ఉయ్యాల మాత్రం కుదరదు. అందులో కాళ్లు దగ్గరకు ముడుచుకుంటాయి, రాడ్డు అడ్డం పడుతుంది. పక్కలో పడుకోబెట్టుకునేవాళ్లు రాడ్డుకు మెత్తటి గుడ్డ చుట్టకపోతే అర్ధరాత్రి ముక్కు మీద పడుతుంది.

మార్కెట్లో సీటీఈవీ (క్లబ్ ఫుట్‌కు డాక్టర్లు వాడే పేరు) బూట్లని రాడ్డు లేకుండా విడిగా అమ్మేవి ఉన్నాయి, పగలు వేసుకుని నడవడానికని. ఇవి ఉంటే రాత్రి రాడ్డు అక్కర్లేదనుకుని మోసపోయినవాళ్లు ఎక్కువే. రాడ్డు లేని బూటు వచ్చిన మార్పును నిలబెట్టలేదు. పగటిపూట మామూలు చెప్పులైనా, ఉత్తి కాళ్లైనా ఒకటే. ఇంకో చిక్కు సైజు. మొదటి ఏడాది మూడు నాలుగు నెలలకోసారి బూటు చిన్నదైపోతుంది, వేళ్లు అంచు దాటి వేలాడతాయి. కొత్త జత దొరికేదాకా అని ఆపేసిన రెండు వారాలే చాలామందికి ఆఖరి రెండు వారాలు అవుతాయి. పాతది బిగుతవక ముందే తర్వాతి సైజు చెప్పి ఉంచాలి.

పెళ్లిళ్లకూ పండగలకూ విప్పేయడం, దిష్టి అని దాచడం మామూలే. పగటిపూట విప్పే హక్కు ఆరో నెల తర్వాత ఎలాగూ ఉంది కాబట్టి ఫంక్షన్‌కు ఇబ్బంది లేదు. రాత్రి అలిసిపోయి ఇంటికొచ్చాక వేయకపోవడం దగ్గరే తప్పుతుంది. రోజూ నిద్రకు ముందు పాలు, బూట్లు, లైటు ఆపడం, ఈ వరసలో ఒక అలవాటుగా పెడితే ఏడాదిన్నర వయసు పిల్లలు తామే బూట్లు తెచ్చిస్తారు. రోజూ బేరమాడే ఇంట్లో అదే వయసు పిల్లలు పట్టీలు విప్పడం నేర్చుకుంటారు.

తిరగబెడితే

బూట్లు సరిగా వేసినా కొందరిలో తిరగబెడుతుంది. మడమ నేలకు ఆనకపోవడం, పాదం బయటి అంచు మీద నడవడం, పరుగెత్తేటప్పుడు పాదం లోపలికి తిరగడం, ఇవి గుర్తులు. ఇది చూసి ‘కట్లు పనిచేయలేదు, ఇక పెద్ద ఆపరేషనే’ అని తీర్మానించుకోవడం తొందరపాటు. మళ్లీ రెండు మూడు కట్లు వేస్తే చాలావరకు సర్దుకుంటుంది, బూట్లు మళ్లీ మొదలవుతాయి. మూడేళ్లు దాటిన పిల్లల్లో పాదాన్ని లోపలికి లాగే ఒక కండర బంధాన్ని పాదం మధ్యకు మార్చి కుడతారు. కీళ్లు విప్పని ఆపరేషన్ ఇది, దీని తర్వాత సాధారణంగా బూట్ల అవసరం ఉండదు. ఆర్థ్రోగ్రైపోసిస్, వెన్నుపాము లోపం ఉన్న పిల్లల్లో కట్లు ఎక్కువ పడతాయి, తిరగబెట్టడమూ ఎక్కువే. వాళ్లకు లెక్కలు వేరు.

అసలు చికిత్సే అందక, పాదం పైభాగం మీద నడుస్తూ నాలుగైదేళ్లు వచ్చిన పిల్లలు పల్లెల్లో ఇంకా ఉన్నారు. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దవాళ్లు వదిలేసిన కేసులివి. ఈ పాదాల విషయంలో సామెత పూర్తిగా నిజం కాదు. పదేళ్ల లోపు పిల్లల్లో కూడా కట్లతో చెప్పుకోదగ్గ మార్పు తెచ్చిన అనుభవం చాలా దేశాల్లో ఉంది. కట్లు ఎక్కువ కావచ్చు, చివర్లో చిన్న ఆపరేషన్ తోడు కావచ్చు, అయినా పాదం నేల మీద ఆనుతుంది. ఆడపిల్ల అయితే పెళ్లి వయసులో తొందరపడి ఎముకలు కోసే ఆపరేషన్‌కు పోవడం కంటే, అంగన్‌వాడీ వయసులో చూపించడం ఎంతో నయం.

రెండో బిడ్డకూ వస్తుందా అని అడిగేవాళ్లకు: తల్లిదండ్రులకు లోపం లేకుండా ఒక బిడ్డకు ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం వందలో మూడు నాలుగు. తల్లికో తండ్రికో కూడా ఉంటే అది బాగా పెరుగుతుంది. అంటే రెండో కాన్పులో టిఫా స్కాన్ చేసేవాళ్లకు మొదటి బిడ్డ సంగతి ముందే చెప్పాలి.

బూట్లు ఆపాక కూడా ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా ఏడాదికోసారి చూపించడం మంచిది. ఒక కాలికే లోపం ఉన్న పిల్లల్లో ఆ పాదం రెండోదాని కంటే కాస్త పొట్టిగా, పిక్క సన్నగా జీవితాంతం ఉంటాయి. చెప్పుల షాపులో రెండు సైజులు అడగాల్సిన అవసరం కొందరికే వస్తుంది. పిక్క తేడా పుట్టుకతో వచ్చినదే, నడకకూ ఆటకూ అడ్డం రాదు. దాన్ని లావు చేస్తామని చెప్పే మర్దనలకూ కరెంటు మిషన్లకూ డబ్బు పోయనక్కర్లేదు.